తొమ్మండుగురం కలిసి వ్రాసిన నాటకం

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి నెల సగం గడిచేసరికి మన వంటి సంస్థల ఉద్యోగుల కాలనీలలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. మార్చి 4వ తేదీన జరిగే జాతీయ భద్రతా దినోత్సవానికి ఏ నాటిక వేద్దాము? 1972వ సంవత్సరం నుండి దేశమంతటా జరుగుతున్న ఈ ఉత్సవంలో ప్రతిజ్ఞలు, ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు ఉంటాయి. వాటికి తోడు సాయంకాలం రిక్రియేషన్ క్లబ్బు వేదికపై ఒక నాటిక ఉంటేనే గృహిణులు, పిల్లలు, వృద్ధులు కూడా తరలివస్తారన్నది నిర్వాహకుల అనుభవం. అప్పుడు ఎవరో ఒకరు అలమరలో నుండి పాత నాటికల సంపుటాన్ని బయటకు తీస్తారు. స్త్రీ పాత్రలు ఒకటి రెండుకు మించనిది, ఒకే రంగంలో ముగిసేది, ముప్పావు గంటలో పూర్తయ్యేది ఏదో ఒకటి ఎంపికవుతుంది. సంభాషణలు పంచుకుని, ప్రాంప్టరును తెర చాటున నిలబెట్టి, పది రోజుల రిహార్సళ్ళతో ప్రదర్శన ముగించివేస్తారు.

ఈ పద్ధతిలో దోషమేమీ లేదు. మంచి నాటకం ఎన్ని పర్యాయాలు ప్రదర్శించినా మంచి నాటకమే. అయితే దీనికి పక్కనే మరొక మార్గమున్నది. చేతిలో పుస్తకం లేకుండా మొదలుపెట్టి, బృందమంతా కలిసి ఒక కొత్త నాటకాన్ని తామే నిర్మించుకోవడం ఆ మార్గం. విద్యార్థి దశలో ఒకసారి మేము ఆ దారిన నడిచాము. అందులోని ఆనందం కొంత, చేదు కొంత, ఆ నాటకం మాకు నేర్పిన ఒక మర్యాద కొంత ఇక్కడ పాఠకులతో పంచుకోదలచాము.

పుస్తకం లేని పరీక్ష

మేము తెలుగునాట ఒక విశ్వవిద్యాలయపు రంగస్థల కళల శాఖలో స్నాతకోత్తర విద్యార్థులము. మొత్తం తొమ్మండుగురం; ఆరుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. రెండవ సంవత్సరంలో పరీక్ష నిమిత్తం ఒక పూర్తి నాటకాన్ని ప్రదర్శించవలసి ఉండేది. అంతకు ముందు తరగతుల వారందరూ ప్రసిద్ధ నాటకాలనే ఎన్నుకున్నారు. మా వంతు వచ్చేసరికి మా ఆచార్యులు, "ఈసారి మీకు పుస్తకం ఇవ్వను. తొంభై రోజులు ఇస్తాను. తొమ్మండుగురూ కలిసి నాటకం తయారు చేయండి" అన్నారు.

దానికి ఆయన మూడు నియమాలు పెట్టారు. నటించి చూడని దృశ్యాన్ని ఎవరూ ఇంట్లో కూర్చుని వ్రాసి తీసుకురాకూడదు. ఫలానా ఆలోచన ఫలానా వారిదని ఎవరూ చెప్పుకోకూడదు. ఎవరి జీవితంలోనిదైనా ఒక సంఘటనను తీసుకుంటే, ప్రేక్షకులకంటే ముందు వారికి చూపించి తీరవలెను. మొదటి రెండు నియమాలూ మాకు కఠినంగా తోచాయి. మూడవది ఏదో మర్యాద కోసం చెప్పినదనుకుని తేలికగా తీసుకున్నాము. చివరకు మమ్మల్ని నిలబెట్టినదీ, కష్టపెట్టినదీ ఆ మూడవ నియమమే.

తొలి పదిహేను రోజులు వృథా అయ్యాయి. ఒకరు పౌరాణికం కావాలన్నారు. మరొకరు వరకట్నం మీద వేయాలన్నారు. ఇంకొకరికి మనస్సులో ఒక కథానాయకుడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఆ వేషం తానే వేయదలచాడు కూడా. వాదించి అలసిపోయి, ఎవరినీ నొప్పించకూడదన్న ఉద్దేశంతో అందరి ఆలోచనలనూ తలా కొంచెం కలిపి ఒక ప్రణాళిక వేశాము. ఆచార్యులు దానిని విని, "ఇది కమిటీ నివేదిక వలె ఉన్నది. అందరి సంతకాలూ ఉన్నాయి, అభిప్రాయం మాత్రం లేదు" అన్నారు. సమష్టి కృషి అంటే అందరి మాటలనూ పక్కపక్కన పేర్చడమనుకున్నాము. ఆ భ్రమ అక్కడ తొలగింది.

మార్గం దొరికినది మధ్యాహ్న భోజన సమయంలో. మా బృందంలో ఒక అమ్మాయి కర్మాగార కార్మికుని కుమార్తె. ఆమె తెచ్చుకునే మూడు గిన్నెల క్యారేజి వాళ్ళ నాన్నగారు ఉద్యోగంలో ఉండగా వాడినదే. పై మూతమీద ఆయన టోకెన్ నంబరు చెక్కి ఉండేది. ఆనాడు మాటల సందర్భంలో ఆమె, "చిన్నప్పుడు తెల్లవారుజామున ఈ క్యారేజి సైకిలు హ్యాండిలుకు కొట్టుకునే చప్పుడు వినపడితేనే మా అమ్మ పక్కకు తిరిగి నిద్రపోయేది" అన్నది. తింటున్నవాళ్ళమల్లా ఆగిపోయాము. పదిహేను రోజుల వాదోపవాదాలలో ఎవరూ చెప్పని నాటకం ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. షిఫ్టు డ్యూటీల మధ్య జీవించే కుటుంబమే మా వస్తువని ఆ పూట నిశ్చయమైపోయింది. ఓట్లు తీయవలసిన అవసరం రాలేదు.

పెద్దలు వేసిన బాట

బృందం కలిసి నాటకాన్ని సృష్టించడం కొత్త విషయమేమీ కాదని మా పాఠాలే మాకు ధైర్యమిచ్చాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో "కీచకవధ" ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబం యావత్తూ ఒక నాటక బృందం. నటన, సంగీతం, తెరలు, దీపాలు, అలంకరణ అన్నీ ఇంటివారి చేతుల మీదుగానే సాగుతాయి. తన పాత్ర తప్ప మిగిలినది తనకు పట్టదనుకునే నటునికి అటువంటి చోట స్థానం ఉండదు.

హబీబ్ తన్వీర్ 1954లో ఢిల్లీలో "ఆగ్రా బజార్" నాటకాన్ని జామియా మిల్లియా విద్యార్థులతోను, ఓఖ్లా గ్రామవాసులతోను కలిసి రూపొందించారు. కవి నజీర్ అక్బరాబాదీ కవితలను ఆధారం చేసుకున్న ఆ నాటకంలో కవి పాత్ర వేదికపైకి రానే రాదు. ఆయన మాటలు బజారులోని సామాన్యుల నోటి వెంట వినవస్తాయి. తరువాత 1975లో ఆయన "చరణ్‌దాస్ చోర్" నాటకాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు గ్రామీణ కళాకారుల ఆశునటన నుండి, పాటల నుండి పెంచి పెద్ద చేశారు. విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథ దానికి మూలం. ఆ నాటకం 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో పురస్కారం అందుకున్నది.

1978లో ఢిల్లీలోని జన నాట్య మంచ్ ప్రదర్శించిన "మెషీన్" వీధి నాటకం నిడివి సుమారు పదమూడు నిమిషాలు మాత్రమే. అందులో నటులే ఒకరి పక్కన ఒకరు నిలిచి, తమ కదలికలతో, నోటి ధ్వనులతో ఒక యంత్రంగా మారతారు. తెరలు, సామగ్రి ఏవీ అక్కరలేదు. వృత్తిరీత్యా ఇంజినీరు, నగర ప్రణాళికా నిపుణుడు అయిన బాదల్ సర్కార్ (1925–2011) కలకత్తాలో తన బృందంతో ప్రేక్షకుల నడుమనే నాటకాలు ఆడి, వేదిక లేకుండానే నాటకం నడవగలదని నిరూపించారు. ఉద్యోగం చేసుకుంటూ నాటకాన్ని పట్టుకున్నవారికి ఆయన జీవితం మంచి ఆదర్శం.

వీరిలో ఏ ఒక్కరినీ అనుకరించే శక్తి మాకు లేదు. ఒక్క సంగతి మాత్రం గ్రహించాము. వీరందరూ మాటలను వెతుక్కోవడానికి ముందు మనుషులను వెతుక్కున్నారు.

పద్నాలుగు ఇళ్ళు

మా సహాధ్యాయిని తల్లిదండ్రులుండే పారిశ్రామిక పట్టణానికి రెండు విడతలుగా వెళ్ళి పద్నాలుగు ఇళ్ళు తిరిగాము. ఇంటికి ఇద్దరం చొప్పున వెళ్ళేవాళ్ళము. ఒకరు మాట్లాడాలి, రెండవవారు వినాలి. ఎదుటివారి ముందు పుస్తకం తెరిచి వ్రాసుకోకూడదు. బసకు తిరిగి రాగానే జ్ఞాపకమున్నది మాత్రమే వ్రాయాలి. "మీ కష్టసుఖాలు చెప్పండి" అని అడిగిన తొలి రెండు ఇళ్ళలో మాకు లభించినవి సభలలో వినిపించే మాటలే. మూడవ ఇంటి నుండి ప్రశ్న మార్చాము. "క్యారేజిలో ఏమేమి పెట్టేవారండీ?" అని అడగడం మొదలుపెట్టాము.

ఆ ప్రశ్న తలుపులు తెరిచింది. రాత్రి షిఫ్టుకు పప్పు పెడితే నిద్ర ముంచుకొస్తుందని ఒక ఇల్లాలు పులుసు మాత్రమే పెట్టేదట. బి షిఫ్టు వారంలో తన పిల్లలు మేలుకుని ఉండగా చూడలేకపోయేవాడినని, వాళ్ళ ఎత్తు ఎంత పెరిగినదో మంచం మీద కొలుచుకునేవాడినని ఒక విశ్రాంత కార్మికుడు నవ్వుతూ చెప్పారు. రాత్రంతా పని చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోతుంటే, కిటికీలకు దుప్పట్లు కట్టి, పిల్లలు వాకిట్లో చప్పుడు లేకుండా క్రికెట్ ఆడుకునేవారట. ఔట్ అయితే కేక వేయడానికి వీలులేదు. అందరూ చేతులు మాత్రం పైకెత్తాలి. ఈ మూగ క్రికెట్టు మా నాటకంలో అందరికీ నచ్చిన దృశ్యమైనది.

క్యారేజిలోని మూడు గిన్నెలే నాటకానికి మూడు రంగాలు. అడుగు గిన్నె ఏ షిఫ్టు, నడిమి గిన్నె బి షిఫ్టు, పై గిన్నె సి షిఫ్టు. ఈ నిర్మాణం ఎవరికి తట్టినదో రెండవ నియమం ప్రకారం చెప్పుకోకూడదు. నిజానికి మాలో ఎవరికీ ఈనాటికీ అది స్పష్టంగా జ్ఞాపకం లేదు.

రిహార్సలు గదిలో

ఉదయం ఏడు గంటలకు గది తెరుచుకునేది. ముందుగా పరిస్థితి ఒక్కటి నిర్ణయించుకునేవాళ్ళము. "తండ్రి నిద్రపోతున్నాడు, గుమ్మంలో చుట్టాలు దిగారు, మాట పైకి రాకూడదు" అన్నంత వరకే. మాటలు ఆశువుగా రావాలి. ఒకరు వంతుల ప్రకారం నోటు పుస్తకంలో వ్రాసేవారు. ఇంకొకరి చేతిలో గడియారం ఉండేది. చుట్టాల దృశ్యం మొదటి పర్యాయం ఇరవై రెండు నిమిషాలు నడిచింది. రెండవ వారానికి పదకొండు నిమిషాలకు దిగింది. చివరకు నాలుగు నిమిషాల వద్ద నిలిచింది.

ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న చోట తగవులు రాకుండా ఒక ఉపాయం పాటించాము. నిన్నటి రిహార్సలులో ఏ మాట బాగున్నదో మరునాటి ఉదయం పుస్తకం చూడకుండా ఎవరికి వారు కాగితం మీద వ్రాయాలి. కనీసం ముగ్గురికి గుర్తున్న మాట నాటకంలో ఉంటుంది. ఎవరికీ గుర్తుకు రాని మాట ఎంత అందమైనదైనా వెళ్ళిపోతుంది. తన డైలాగు తనకు తప్ప మరెవరికీ గుర్తు లేదని తెలిసిన రోజున ఎవరికైనా ముఖం చిన్నబోతుంది. అందరికీ ఆ రోజు వచ్చింది గనుక ఎవరూ ఎవరినీ హేళన చేయలేదు.

ఈ క్రమశిక్షణకు ఒకే ఒక్క మినహాయింపు ఇచ్చాము. మాలో ఒక మిత్రునికి భాషపై చక్కని అధికారం ఉండేది. మూడవ రంగంలోని ముఖ్య ఘట్టానికి అతడు ఇంట్లో కూర్చుని ఒకటిన్నర పుటల స్వగతం వ్రాసి తెచ్చాడు. మొదటి నియమానికి ఇది విరుద్ధమని తెలిసినా, చదివి వినిపించినప్పుడు మా కళ్ళు చెమర్చాయి. ఒప్పుకున్నాము.

చేటలో బియ్యం

ఆ ఘట్టం మేము కల్పించినది కాదు. తొమ్మిదవ ఇంటిలో ఒక తల్లి చెప్పినది. పదేళ్ళ క్రితం సి షిఫ్టుకు వెళ్ళిన ఆమె భర్త ప్రమాదంలో మరణించారు. తెల్లవారాక ఆయన విభాగంలోని ఇద్దరు మనుషులు క్యారేజి పట్టుకుని గుమ్మం ముందు నిలిచారట. ఆమె ఇంతవరకు చెప్పి, లేచి లోపలికి వెళ్ళి, మాకు కాఫీ తెచ్చి ఇచ్చారు. మిగిలినది మేము ఊహించుకున్నాము. మా మిత్రుడు వ్రాసిన స్వగతంలో ఆ ఇల్లాలు క్యారేజిని గుండెలకు హత్తుకుని, యంత్రాలను, విధిని, దేవుళ్ళను నిలదీస్తుంది. ఆ పాత్ర ధరించిన అమ్మాయి అద్భుతంగా నటించేది.

ప్రదర్శనకు పద్దెనిమిది రోజుల ముందు, మూడవ నియమం ప్రకారం, మాకు కథలు చెప్పినవారిని రిహార్సలుకు ఆహ్వానించాము. నలుగురు వచ్చారు. ఆ తల్లి తన కుమారునితో కలిసి బస్సులో వచ్చి, చివరి బెంచీ మీద కూర్చున్నారు. మూగ క్రికెట్టు చూసి నవ్వారు. స్వగతం నడుస్తున్నంతసేపూ మేము ఆమె ముఖాన్నే చూస్తున్నాము. ఆమె ఏడవలేదు.

నాటకం ముగిశాక మా సహాధ్యాయిని దగ్గరకు వెళ్ళి, "ఎలా ఉందత్తయ్యగారూ?" అని అడిగింది.

"బాగానే ఉందమ్మా. చాలా కష్టపడ్డారు. కానీ ఆవిడెవరో నాకు తెలియదు" అన్నారామె.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆమే నెమ్మదిగా చెప్పారు. "నేను ఆ రోజు అరవలేదు బాబూ. ఏడవలేదు కూడా. వాళ్ళు వచ్చేసరికి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. వాళ్ళు చెప్పారు. నేను ఏరుతూనే ఉన్నాను. ఏరడం ఆపితే ఆ మాట నిజమైపోతుందనిపించింది. చేటలో బియ్యం అయిపోయేదాకా వాళ్ళు అలాగే నిలబడ్డారు పాపం."

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో ఒక కథ ఉన్నది. ఇంద్రధ్వజోత్సవంలో భరతముని తొలి నాటకాన్ని ప్రదర్శించగా, అందులో దైత్యుల పరాజయం చూపబడింది. ప్రేక్షకులలోని దైత్యులు అది చూసి కోపించారు. విఘ్నాలను కూడగట్టుకుని నటుల మాటలను, కదలికలను స్తంభింపజేశారు. ఇంద్రుడు తన ధ్వజదండంతో వారిని దండించినా సమస్య తీరలేదు. చివరకు బ్రహ్మ వారిని పిలిచి, నాట్యమనేది ఏ ఒక్క పక్షానికీ చెందినది కాదని, ముల్లోకాల స్థితిగతులూ అందులో ఉంటాయని నచ్చజెప్పవలసి వచ్చింది. ఈ కథను పరీక్షకు చాలాసార్లు చదువుకున్నాము. తమను చూపిన తీరు నచ్చనివారు ప్రేక్షకులలో ఉండవచ్చునన్న సంగతి మన నాటక చరిత్ర మొదటి పుటలోనే ఉన్నదని ఆ చివరి బెంచీ ఎదుట నిలబడినప్పుడు గాని మాకు బోధపడలేదు. ఆ తల్లి మాపై కోపించలేదు. అందువల్ల మరింత సిగ్గుపడ్డాము.

తీసివేసిన రెండు దృశ్యాలు

మరునాడు స్వగతాన్ని తీసివేశాము. వ్రాసిన మిత్రుడు రెండు రోజులు రిహార్సలుకు రాలేదు. మూడవ నాడు ఆచార్యులు అతని గదికి వెళ్ళి, "కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చువేశారు. అంత పేరు వచ్చిన నాటకాన్ని గురజాడ 1909లో దాదాపు కొత్త నాటకమన్నట్లుగా తిరిగి వ్రాశారు. నీ ఒకటిన్నర పుటలు ఏపాటివి?" అని అడిగారట. అతడు వచ్చి, మౌనంగా కూర్చుని, ఆ దృశ్యానికి కొత్త రూపం తానే సూచించాడు. ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలిచి ఉంటారు. ఆమె బియ్యం ఏరుతూ ఉంటుంది. రాయి దొరికినప్పుడల్లా దానిని పక్కనున్న క్యారేజి మూతలో వేస్తుంది. ఆ చిన్న చప్పుడు తప్ప మరేమీ వినపడదు. దృశ్యం రెండు నిమిషాల పది సెకన్లు. ఒక్క మాట లేదు. దానిని వ్రాసినది ఎవరు అంటే ఏమని చెప్పగలము?

ఈ మార్పు నాటకానికి మేలు చేసింది. అన్ని మార్పులూ అలా జరుగుతాయని చెప్పడం మాత్రం నిజాయితీ కాదు. ఆ తల్లి వెళుతూ మరొక కోరిక కోరారు. భర్త మరణానంతరం వచ్చిన సొమ్ము విషయమై అత్తవారి వైపున జరిగిన మాటలను ఆమె మాకు సూచనగా చెప్పి ఉన్నారు. దాని చుట్టూ మేము ఒక బలమైన దృశ్యం అల్లుకున్నాము. "అది వద్దు బాబూ. వాళ్ళూ నేనూ ఇప్పుడు ఒక పంక్తిలో కూర్చుని భోజనం చేస్తున్నాం" అన్నారామె.

దీనిపై మాలో తీవ్రమైన చర్చ జరిగింది. పేర్లు మార్చామని, ఊరు మార్చామని, కళాకారునికి స్వేచ్ఛ ఉండాలని కొందరన్నారు. ఆ దృశ్యం లేకపోతే మూడవ రంగం కుంటుపడుతుందని అందరికీ తెలుసు. ఆ ఊరిలో ఆ నాటకం చూసే ప్రతి ఒక్కరూ అది ఎవరి ఇంటి సంగతో ఇట్టే గుర్తుపడతారన్నదీ తెలుసు. అర్ధరాత్రి దాటాక తీసివేయడానికే నిశ్చయించాము. దానికి బదులుగా వేరొకటి అతికించాలని చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. పరీక్షాధికారిగా వచ్చిన పెద్దలు సరిగ్గా ఆ చోటనే వేలు పెట్టి, "మూడవ రంగంలో ఏదో ఒక మెట్టు లోపించింది" అన్నారు. మార్కులు తగ్గాయి. మేము కారణం చెప్పలేదు. ఆ లోటు ఆ నాటకంలో చివరి వరకు ఉండిపోయింది.

"రచన" అన్న చోట ఎవరి పేరు?

కరపత్రం అచ్చువేసే రోజున మరొక చిక్కు వచ్చింది. "రచన" అన్న పదం ఎదుట ఏమి వ్రాయాలి? ఎక్కువ సంభాషణలు కూర్చినవారి పేరా? ఆలోచనకు కారణమైన అమ్మాయి పేరా? 1963లో లండన్‌లో జోన్ లిటిల్‌వుడ్ నిర్వహణలో "ఓ వాట్ ఎ లవ్లీ వార్" నాటకం రూపొందినప్పుడు దాని కర్తృత్వంలో థియేటర్ వర్క్‌షాప్ అన్న బృందం పేరే ముందు నిలిచింది. మొదటి ప్రదర్శనలోని నటీనటులకు కూడా అందులో భాగం దక్కింది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ఈ విషయాన్ని స్పష్టంగానే చెబుతున్నది. ఇద్దరు లేక అంతకు మించిన కర్తలు కలిసి కృషి చేసి, ఒకరి భాగాన్ని మరొకరి భాగం నుండి విడదీసి చూపలేని విధంగా సృష్టించిన దానిని ఆ చట్టం సంయుక్త కర్తృత్వం గల రచనగా గుర్తిస్తుంది. ఆ కర్తలలో చివరివారు మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు దానిపై హక్కులు ఉంటాయి. కాలనీలలో కలిసి నాటిక వ్రాసుకునేవారు మొదటి రోజుననే ఈ విషయం మాట్లాడుకుని, ఒక కాగితం మీద పేర్లన్నీ వ్రాసి సంతకాలు చేసుకోవడం మంచిది. ప్రదర్శన విజయవంతమైన తరువాత ఈ మాట ఎత్తితే స్నేహాలు చెడతాయి.

మేము తొమ్మండుగురి పేర్లూ అకారాది క్రమంలో వేశాము. ఆ తల్లి పేరు కూడా వేయడానికి అనుమతి కోరగా ఆమె వద్దన్నారు. దానికి బదులు తన ఇంట్లోని చేటను ప్రదర్శనకు ఇచ్చారు. "జాగ్రత్తగా తెచ్చి ఇవ్వాలి సుమా. రోజూ వాడేది" అని హెచ్చరించారు కూడా.

మన కాలనీలో

ఆనాటి తొమ్మండుగురిలో కొందరం నేడు ప్రభుత్వ రంగ సంస్థలలో ఉద్యోగులము. ఇద్దరు పాఠశాలలలో పిల్లలకు నాటకం నేర్పుతున్నారు. స్వగతం వ్రాసిన మిత్రుడు రంగస్థలాన్ని వదలలేదు. నటులుగా మాలో ఎవరికీ గొప్ప పేరు రాలేదు. కాని పది మంది కలిసి ఒక పని చేయవలసి వచ్చిన ప్రతి సందర్భంలోను ఆ తొంభై రోజులు మాకు జ్ఞాపకం వస్తాయి. కలిసి పని చేయడంలో మన వంతు చేర్చడం అంత కష్టం కాదు. మనకు ఎంతో నచ్చిన దానిని పని కోసం, ఇంకొకరి గౌరవం కోసం వదులుకోవడం కష్టం. మొదటిది మేము రెండు వారాలలో నేర్చుకున్నాము. రెండవది నేర్పినది ఆ చివరి బెంచీ.

ఈసారి భద్రతా దినోత్సవానికో, సంస్థ వార్షికోత్సవానికో నాటిక అనుకున్నప్పుడు, అలమర తెరవడానికి ముందు నాలుగు ఇళ్ళు తిరిగి చూడవలసినదిగా మా మనవి. రెండు నెలల వ్యవధి, ఆరేడుగురు మనుషులు, ఒక నోటు పుస్తకం, ఒక గడియారం చాలును. హెల్మెట్టు పెట్టుకోవాలని వేదిక మీద నుండి చెప్పేకంటే, అది పెట్టుకున్న మనిషి కోసం ఇంట్లో ఎవరు ఏ చప్పుడు వింటూ ఎదురు చూస్తున్నారో చూపిస్తే ప్రేక్షకుల మనస్సుకు ఎక్కువగా హత్తుకుంటుంది. అటువంటి చప్పుళ్ళు ప్రతి క్వార్టరులోను ఉన్నాయి. అడిగి, విని, తయారు చేసినదానిని ముందుగా వారికి చూపించి, ఆపైన ప్రదర్శించండి.

మా నాటకం ఆ పారిశ్రామిక పట్టణపు క్లబ్బు ఆవరణలో ఒక ఆదివారం సాయంత్రం జరిగింది. బి షిఫ్టు వారు రాలేకపోయారు. బియ్యం ఏరే దృశ్యంలో రాళ్ళు మూతలో పడే చప్పుడు చివరి వరుస వరకు వినిపించింది. ఆ తల్లి మూడవ వరుసలో, అత్తవారి మనుషుల పక్కన కూర్చుని చూశారు. ఏమీ అనలేదు. మరునాడు ఉదయం చేట తిరిగి ఇవ్వడానికి ఇద్దరం వెళ్ళాము. ఆమె దానిని అందుకుని, వెలుతురుకు పట్టి, అల్లిక ఎక్కడైనా వదులైనదేమోనని వేళ్ళతో తడిమి చూశారు. తృప్తి పడిన తరువాత రెండు సోలల బియ్యం అందులో పోసుకుని గడపలో కూర్చున్నారు. "కూర్చోండి బాబూ, అన్నం తిని వెళుదురు గాని" అన్నారు.